అయిదు నక్షత్రాల కింద రెండు రాత్రులు

బ్యాంకులో పనిచేసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఏ సంతోషమైనా ముందు లెక్కలో పడాలి, ఆ తర్వాతే మనసులో పడాలి. ముప్పై యేళ్ళుగా ఆ జబ్బు నాకుంది. మా ఆవిడ పాతికేళ్ళుగా నాతో వేగుతోంది కనుక ఈ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. "ఎప్పుడూ ఫిక్స్‌డ్ డిపాజిట్లూ, నామినేషన్లేనా? కాస్త ఇంటి కబుర్లు కూడా రాయకూడదూ?" అని మన సంఘం సంబరాల్లో ఇద్దరు ముగ్గురు అక్కయ్యలు నన్ను మందలించారు. అందుకని ఈసారి వడ్డీ రేట్లు పక్కన పెట్టి, మేమిద్దరం ఒక అయిదు నక్షత్రాల హోటల్లో గడిపిన రెండు రాత్రుల గురించి చెబుతాను. లెక్కలు అసలు రావని మాత్రం హామీ ఇవ్వలేను.

హోటలు పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. ఖాతాదారు గుట్టు బయట పెట్టకూడదన్నది మా వృత్తిధర్మం. ఇక్కడ ఖాతాదారుణ్ణి నేనే అయినా అలవాటు పోలేదు. బెంగుళూరుకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో, పెద్ద చెరువు ఒడ్డున ఉన్న హోటలు అనుకోండి, చాలు.

2000 ఫిబ్రవరిలో మా పెళ్ళయింది. పెళ్ళయిన రెండో వారంలో ఆ ఊరు వెళ్ళాం. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం, రోజుకు నూట ఎనభై రూపాయలు. సాయంత్రం నడుచుకుంటూ వెళితే ఈ హోటలు కనబడింది. ఎర్రటి తలపాగా పెట్టుకున్న కాపలాదారు గేటు తీసినప్పుడల్లా లోపల పచ్చిక, దాని వెనక వరండా, ఆ వెనక నీళ్ళు కనిపించేవి. ఎదుటి బడ్డీ కొట్టులో చెరో టీ తాగుతూ అరగంట అటే చూశాం. వరండాలో ఒక పెద్దావిడ పేము కుర్చీలో కూర్చుని ఉంది. ఒకతను ట్రేలో కాఫీ తెచ్చి ఆవిడ ముందు పెట్టి వెళ్ళాడు. మా ఆవిడ అది చూసి, "పొద్దున్నే లేవగానే ఎవరో కాఫీ తెచ్చి ఇస్తే, అలా కూర్చుని నీళ్ళని చూస్తూ తాగాలండీ. ఒక్కసారి చాలు" అంది. కొత్త పెళ్ళికొడుకుని కదా, "అదెంత పని, వచ్చే యేడు ఇందులోనే దిగుదాం" అన్నాను.

ఆ వచ్చే యేడు పాతిక సార్లు వచ్చి వెళ్ళిపోయింది. ఒక యేడు మా చెల్లెలి పెళ్ళి, ఇంకో యేడు నాన్నగారి ఆపరేషను. తర్వాత బదిలీలు, పిల్లల ఫీజులు. ఆ పైన ఇక్కడ బ్రూక్‌ఫీల్డ్‌లో కొన్న ఫ్లాటు తాలూకు గృహ ఋణం. మన ఏఈసీఎస్ లేఅవుట్ చుట్టుపక్కల కాపురాలు పెట్టినవాళ్ళందరి కథా ఇంచుమించు ఇదే కనుక వివరంగా చెప్పనక్కర్లేదు. మా ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగలేదు కదా అని నేను మరచిపోయిందనుకున్నాను. అడగని కోరిక తీరినట్టే అని మగవాళ్ళకు ఒక నమ్మకం.

చివరికి 2023 జనవరిలో బుద్ధి వచ్చి, నెలకు పదిహేను వందల చొప్పున ఇరవైనాలుగు నెలలకు ఒక రికరింగు డిపాజిట్ మొదలుపెట్టాను. ఆమెకు చెప్పలేదు. 2025 ఫిబ్రవరికి మా పెళ్ళై పాతికేళ్ళు. ఆ హోటల్లో చెరువు కనిపించే గది రోజుకు 14,500 రూపాయలు. గది అద్దె రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. అంటే రోజుకు 17,110, రెండు రాత్రులకు 34,220. డిపాజిట్ అసలు 36,000, పైన వడ్డీ. లెక్క కుదిరింది. డబ్బు ముందే కట్టేశాను. కాగితం చేతికిచ్చినప్పుడు ఆమె రెండుసార్లు చదివి, "వరండా ఉందా?" అని ఒక్క మాటే అడిగింది.

మధ్యాహ్నం రెండింటికి గది ఇస్తామన్నారు. మేము ఒకటిన్నరకే చేరాం. ఎర్ర తలపాగా ఇంకా ఉంది, మనిషి మారాడు. నుదుట బొట్టు పెట్టి, మెడలో చందనపు పూసల దండ వేసి, ఏదో పచ్చటి షర్బతు ఇచ్చి, "అయిదు నిమిషాలు కూర్చోండి" అన్నారు. ఆ అయిదు నిమిషాలు నాలుగున్నర దాకా సాగాయి.

లాబీలో గోడల నిండా పాత ఫొటోలు ఉన్నాయి. వాటిని చూస్తూ కాలక్షేపం చేస్తుంటే, ఇలాంటి భవనాల గురించి ఎప్పుడెప్పుడో చదివినవన్నీ గుర్తుకొచ్చాయి. మన బెంగుళూరు వెస్ట్ ఎండ్ సంగతే చూడండి. 1887లో బ్రాన్సన్ అనే దొరసాని పది గదులతో బోర్డింగ్ హౌసుగా మొదలుపెట్టింది. బొంబాయి తాజ్ మహల్ హోటలును జంషెడ్‌జీ టాటా ఎంతో మోజుపడి కట్టించారు. 1903 డిసెంబరులో దాని తలుపులు తెరిస్తే, 1904 మేలో ఆయన కన్నుమూశారు. తను కట్టించిన హోటలును కళ్ళారా చూసుకున్నది ఆరు నెలలు కూడా కాదు.

మన హైదరాబాదు ఫలక్‌నుమా కథ ఇంకా చిత్రం. పాయెగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దానికి పునాది వేయించి, యేళ్ళ తరబడి కట్టించాడు. నూట ఒక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అందులో ఉంది. అంత చేసేసరికి ఖర్చు ఆయన తాహతు దాటిపోయింది. చివరికి ఆ మహలు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పరమైంది. 2010 నవంబరులో తాజ్ వాళ్ళు దాన్ని హోటలుగా తెరిచారు. మోజుపడి కట్టుకున్నవాడు ఒకడు, అనుభవించినవాడు ఇంకొకడు.

ఈ జాబితాలో ఒక్క చర్చిల్ దొరే తెలివైనవాడు. కుర్ర సైనికాధికారిగా మన ఊళ్ళో ఉన్న రోజుల్లో బెంగుళూరు క్లబ్బుకు 13 రూపాయలు బాకీపడి వెళ్ళిపోయాడు. రాని బాకీల కింద రాసిన 1899 నాటి ఆ పద్దును క్లబ్బు వాళ్ళు ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. వసూలు కాని బాకీని ఇంత గర్వంగా చూపించుకునే సంస్థను నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

ఇవన్నీ ఆమెకు చెబుతుంటే మొదట నవ్వింది. మూడున్నర దాటాక నవ్వడం మానేసింది.

నాలుగున్నరకు గది ఇచ్చారు. పరదా తొలగిస్తే కిటికీ అవతల రెండు జనరేటర్లు, వంటింటి పొగగొట్టం, ఉతికి ఆరేసిన దుప్పట్ల వరుసలు కనిపించాయి. చెరువు భవనానికి అవతలి వైపు ఉంది. కిందికి వెళ్ళి అడిగితే, ఒక పెద్దింటి పెళ్ళి బృందం చెరువు వైపు గదులన్నీ తీసుకుందని చెప్పారు. "నేను నెల ముందే డబ్బు కట్టానే" అన్నాను. డ్యూటీ మేనేజరు నా కాగితమే నా ముందుకు జరిపి, అడుగున ఉన్న సన్నటి అక్షరాల మీద వేలు పెట్టాడు. లభ్యతను బట్టి గది కేటాయింపు మారవచ్చునట.

పాఠకులు నవ్వుకోవచ్చు. ముప్పై యేళ్ళుగా జనం చేత సన్నటి అక్షరాల కింద సంతకాలు పెట్టించినవాణ్ణి, నేను చదవకుండా డబ్బు కట్టాను.

ఆ సాయంత్రం పచ్చికలోకి వెళ్ళబోతే, పెళ్ళివారి సంగీత్ కోసం మూసేశామన్నారు. వరండాలో పేము కుర్చీలు తీసేసి పాటల పెట్టెలు పేర్చారు. రాత్రి ఒంటి గంట దాకా డీజే పాటలకు మా మంచం పక్క గాజు గ్లాసు కూడా వణికింది. మర్నాడు పొద్దున ఆరింటికి గదిలోకి కాఫీ చెప్పాం. ఆరూ నలభైకి వచ్చింది. పైన మీగడ కట్టింది, కప్పు చల్లబడింది. రెండు కాఫీలకు బిల్లు పన్నుతో కలిపి నాలుగు వందల పైచిలుకు. మా ఆవిడ మీగడ చెంచాతో పక్కకు తీసి, జనరేటర్ల వైపు చూస్తూ చివరి చుక్క దాకా తాగింది. "బాగుందా?" అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మౌనం భరించలేక కిందికి వెళ్ళి గొడవపడ్డాను. గొంతు పెంచాను. లాబీలో నలుగురూ తిరిగి చూశారు. ఆ మేనేజరుకు మా అబ్బాయి వయసుంటుంది. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అంతా విని, చేతులు కట్టుకుని, "అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అన్నాడు.

అక్కడ నా నోరు మూతపడింది. ఆ వాక్యం నాది. మా కౌంటర్ల మీద బోర్డు రాయించి పెట్టే వాక్యం.

చాలా యేళ్ళ కిందటి మాట. ఒక చిన్న ఊరి బ్రాంచిలో ఉండగా రిటైరైన మాస్టారొకరు వచ్చారు. భార్యను కాశీ తీసుకువెళ్ళాలి, డిపాజిట్ గడువుకు ముందే తీసి ఇవ్వమన్నారు. సంతకం సరిపోలడం లేదన్నాను. ఆయన చెయ్యి వణుకుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఇంకో కాగితం తెమ్మన్నాను. అది తెచ్చిన రోజు కంప్యూటరు పనిచెయ్యలేదు, రేపు రమ్మన్నాను. మూడోసారి డబ్బు చేతికిస్తూ, "ఆలస్యానికి చింతిస్తున్నాం మాస్టారూ" అన్నాను. ఆయన కోప్పడలేదు. "డబ్బుదేముంది బాబూ, వచ్చింది. రైలే వెళ్ళిపోయింది" అన్నారు. నేను చేసింది నిబంధనల ప్రకారం తప్పు కాదు. ఆ మేనేజరు చేసిందీ సన్నటి అక్షరాల ప్రకారం తప్పు కాదు. ఎదుటి మనిషి ఎన్నాళ్ళు ఎదురుచూసి వచ్చాడో రాసుకోవడానికి ఆయన రిజిస్టర్లో గడి లేదు, నా లెడ్జర్లోనూ లేదు.

పైకి వచ్చి, "పద, బయటికి పోదాం" అన్నాను. పాత బడ్డీ కొట్టు ఉన్న చోట ఇప్పుడు హోటలువాళ్ళ ప్రహరీ గోడ ఉంది. ఆ గోడ వెంబడే అర కిలోమీటరు నడిస్తే చెరువు గట్టు వచ్చింది. అక్కణ్ణించి కిందికి, నీళ్ళ దాకా, రాతి మెట్లు. పెళ్ళైన కొత్తలో ఇవే మెట్లు ఆమె పరుగున దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నన్ను పిలిచింది. ఇప్పుడు నాలుగు మెట్లు దిగి, మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"హోటలు వాళ్ళ మీద కోపంగా ఉందా?" అన్నాను.

"వాళ్ళ మీద ఏముందండీ, వాళ్ళెవరో నాకేం తెలుసు?" అంది. కాసేపాగి, "కోపం మీ మీద. ఇలాంటి హోటలే కావాలని నేనెప్పుడన్నాను? నేనడిగింది ఒక కాఫీ. నలభై యేళ్ళప్పుడు ఏ టూరిస్టు బంగళాకో తీసుకెళ్ళినా ఈ మెట్లన్నీ దిగేదాన్ని. మీరు గొప్పగా చేద్దామని ఆగారు. ఆగడంలోనే నా మోకాళ్ళు అయిపోయాయి" అంది.

జవాబు చెప్పడానికి నా దగ్గర చెల్లెలి పెళ్ళి ఉంది, నాన్నగారి ఆపరేషను ఉంది, గృహ ఋణం వాయిదాలున్నాయి. అన్నీ నిజాలే. ఒక్కటీ చెప్పలేదు. ఆ చెరువు వైపు గదే ఇచ్చినా, పేము కుర్చీ వేసినా, వేడి కాఫీ పెట్టినా ఈ మెట్ల సంగతి అలాగే ఉండేది కదా అనిపించింది. డిపాజిట్ మెచ్యూరవుతుంటే డిపాజిటరుకు కూడా వయసవుతుందన్న మాట మా బ్యాంకు కరపత్రాల్లో ఎక్కడా ఉండదు.

అలాగని హోటలును వదిలేశాననుకోకండి. ఇంటికొచ్చాక నిదానంగా ఒక ఉత్తరం రాశాను. తిట్లు లేవు. ఏ తేదీన ఎంత కట్టానో, ఏ గదికి కట్టానో, ఏ గది ఇచ్చారో, రెండింటి అద్దెలో తేడా ఎంతో రాసి, కిటికీలోంచి తీసిన జనరేటర్ల ఫొటో జతచేశాను. మూడు వారాల్లో ఆ తేడా డబ్బు ఖాతాలో పడింది. పైగా ఒక రాత్రి ఉచితంగా ఉండమని కూపను కూడా పంపారు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళ కోసం నాలుగు మాటలు. నక్షత్రాలు చూసి మోసపోకండి. కేంద్ర పర్యాటక శాఖ కమిటీ తనిఖీ చేసి ఇచ్చే ఆ హోదా హోటలు స్వచ్ఛందంగా కోరి తీసుకునేది, అయిదేళ్ళు చెల్లుతుంది. అది ప్రధానంగా సదుపాయాలకు కొలత. మీరు వెళ్ళిన రోజున పెళ్ళి బృందం దిగదని దాని అర్థం కాదు. ఏ వైపు గది కావాలో, అది దొరక్కపోతే ఏం చేస్తారో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ రోజుల్లో హాల్లోనో పచ్చికలోనో ఏవైనా వేడుకలున్నాయా అని ఫోను చేసి అడగండి. పన్ను సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు 5 శాతమే, అది దాటితే 18 శాతం. వంద రూపాయల తేడాతో గీత దాటే గదిని ఎంచుకోకండి.

బిల్లు పంక్తి పంక్తీ చదవండి. 2019 జూలైలో చండీగఢ్‌లోని ఒక పెద్ద హోటలు రెండు అరటిపళ్ళకు 442 రూపాయల 50 పైసలు బిల్లు వేస్తే, నటుడు రాహుల్ బోస్ అది లోకానికి చూపించాడు. పన్ను లేని పళ్ళ మీద జీఎస్టీ వేసినందుకు పన్నుల శాఖ ఆ హోటలుకు 25,000 జరిమానా విధించింది. సర్వీసు చార్జీ మన ఇష్టం మీద ఇచ్చేదే, తప్పనిసరి చెయ్యకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటను సమర్థించింది. నీళ్ళ సీసా విషయంలో మాత్రం పోట్లాడకండి. హోటళ్ళు ముద్రించిన ధరకన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.

అన్నీ అయినా న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చెయ్యండి. హోటలు ఎక్కడో ఉంది, ఆ ఊరి కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు అనుకోనక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. గడువు రెండేళ్ళు. రశీదులు దాచుకోండి.

ఇక మా ఇంటి సంగతి. ఆ కూపను ఏం చేద్దామని అడిగితే, "మీ చెల్లెలికి ఇవ్వండి, తన మోకాళ్ళు బాగున్నాయి" అంది. ఇచ్చేశాం. వాళ్ళు వెళ్ళొచ్చారు, చెరువు వైపు గదే దొరికిందట. ఫొటోలు పంపారు. మా ఆవిడ వరండా ఫొటోను పెద్దది చేసి కాసేపు చూసి, ఫోను పక్కన పెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే మేమిద్దరం ఫ్లాస్కు పట్టుకుని మా కుందలహళ్ళి చెరువు దాకా నడుస్తున్నాం. కాఫీ నేనే కలుపుతాను, నేనే పోసి అందిస్తాను. డికాక్షను సరిగ్గా దిగలేదని ప్రతివారం ఒక ఫిర్యాదు నమోదవుతూనే ఉంది. ఒకరోజు ఆశగా, "ఆ హోటలు కన్నా ఇదే బాగుంది కదూ?" అన్నాను. "లేదండీ. ఇదీ బాగానే ఉంది, కానీ అదీ ఇదీ ఒకటి కాదు" అంది. నిజమే. ఒక ఖాతాలో లోటును ఇంకో ఖాతాలో నిలువతో కప్పిపుచ్చకూడదని బి.కాం మొదటి సంవత్సరంలోనే చెప్పారు.

అందుకని ఈసారి నేనే అడిగాను, ఇంకేమైనా చూడాలని ఉందా అని. వెంటనే చెప్పింది, పాపికొండల దగ్గర గోదావరి మీద లాంచీలో వెళ్ళాలని ఉందిట. ఎన్నేళ్ళుగా అనుకుంటోందో నేను అడగలేదు. ఈ సీజనులోనే వెళుతున్నాం. రాజమండ్రికి రైలు టిక్కెట్లు తీసేశాను. రికరింగు డిపాజిట్ ఏదీ మొదలుపెట్టలేదు.